కిటికీ మహిమ

తాలిపేరు వాగు తెలంగాణలో చర్ల దగ్గర ప్రాజెక్టులోకి చేరకముందు ఛత్తీస్‌గఢ్ అడవుల్లో చాలా దూరం తిరిగి వస్తుంది. బీజాపూర్ జిల్లా ఉసూర్ బ్లాకు ఆ దారిలోనే ఉంది. అక్కడి సంతలో నిలబడితే తెలుగు, కోయ, హల్బీ, హిందీ ఒకదాని మీద ఒకటి పడి వినిపిస్తాయి. ఆ బ్లాకులో ఒక ఊరు. పేరు చెప్పను. కథ కల్పితం కాబట్టి నిజం ఊరి పేరు పెడితే లేనిపోని తగాదా.

ఆ ఊరికి సర్కారు ఒక ఉపకేంద్రం కట్టించింది. రెండు గదులు, ముందు వసారా, పైన సిమెంటు స్లాబు. ఒక గది మందులకూ సూదులకూ, రెండోది కాన్పులకు. కాన్పుల గదిలో నున్నటి టైల్స్, నడుమెత్తు ఇనుప బల్ల, బల్ల మీద రెగ్జిన్ పరుపు. పేషెంటు తప్ప ఎవరూ లోపలికి రాకూడదని తలుపు మీద ఎర్రక్షరాలతో హిందీ బోర్డు. భోపాలపట్నం నుంచి ఒక నర్సమ్మ వచ్చి చేరింది. మనిషి మంచిది, మాట కాస్త కరుకు.

రెండేళ్లు గడిచాయి. జనం జ్వరానికి వస్తున్నారు, పిల్లల టీకాలకు వస్తున్నారు, రక్తం గోలీలు తీసుకుపోతున్నారు. కాన్పుకు మాత్రం రావడం లేదు. ఇంట్లోనే కంటున్నారు, లేదా నొప్పులు మొదలు కాకముందే చర్ల వైపు చుట్టాలింటికి వెళ్లిపోతున్నారు. నర్సమ్మ రిజిస్టరులో కాన్పుల పేజీ ఎంత తెల్లగా ఉందంటే, బీజాపూర్‌లో దాన్ని చూసిన పెద్దసారు అది కొత్త రిజిస్టరనుకున్నాడు. సంగతి తెలిశాక, ఎందుకు రావడం లేదో కనుక్కు రమ్మని మనిషిని పంపాడు.

మొదట వచ్చింది సర్వే సారు. జీపు దిగి, వసారాలో కుర్చీ వేయించుకుని, ప్రశ్నల కాగితం తీశాడు. ప్రశ్నలు హిందీలో ఉన్నాయి. వాటిని తెలుగు చేసి చెప్పడానికి బడి పంతులు పక్కన కూర్చున్నాడు.

"కొత్త ఆసుపత్రి ఎట్లున్నది అవ్వా?"

"మంచిగున్నది సారు."

"గదులు?"

"మంచిగున్నయి."

"నర్సమ్మ మంచిగ చూస్తదా?"

నర్సమ్మ చేతులు కట్టుకుని ఆ పక్కనే నిలబడి ఉంది.

"మంచిగ చూస్తది సారు."

"మరి కాన్పుకు ఎందుకు వస్తలేరు?"

"వస్తం సారు."

జీపులో వచ్చినవాడికి బాగాలేదని చెబితే రేషను కార్డు ఏమవుతుందో ఎవరికి తెలుసు? పైగా ఊరికొచ్చిన మనిషి మొహం మీద బాగాలేదనడం వాళ్ల మర్యాద కాదు. సర్వే సారు సాయంత్రానికి అన్ని కాగితాలూ నింపుకుని వెళ్లిపోయాడు. జనం తృప్తిగా ఉన్నారని, కొరత ఉన్నది చైతన్యంలోనేనని రాశాడు. దాంతో ఓ నెల మైకు కట్టిన ఆటో తిరిగింది. పిల్లలు దాని వెంట పరుగెత్తారు. రిజిస్టరు మాత్రం మారలేదు.

రెండోసారి రాయ్‌పూర్ నుంచి ఇంజినీరు సారు వచ్చాడు. చదువుకున్నవాడు, చేయి చాచని మనిషి. ఈ కథలో దొంగలెవరూ లేరని ఇక్కడే చెప్పేస్తున్నాను. దొంగ ఉంటే నీతి సులువైపోతుంది. ఆయన ఒక పుస్తకంలో చదివాడు: కిటికీలోంచి చెట్టు కనిపించే గదిలో ఉన్న రోగులు త్వరగా కోలుకుంటారని. కాన్పుల గదిని చూశాడు. మూడు వైపులా గోడ, పైన ఒక జాలీ. ఆయనకు వెంటనే అర్థమైపోయింది. ఏదైనా అంత వెంటనే అర్థమైనప్పుడే ఒక నిమిషం ఆగాలి, కానీ ఆయన ఆగలేదు. తూర్పు గోడ పగలగొట్టించి, ఎదురుగా ఉన్న ఇప్పచెట్టు నిండుగా కనపడేలా నిలువెత్తు కిటికీ పెట్టించాడు. గ్రిల్లు, అద్దాలు, పచ్చరంగు.

ఆయన లెక్క కూడా రాశాడు. అందుకు మెచ్చుకోవాలి. కిటికీ పని మొదలై, సాగి, ముగిసింది మార్చి నుంచి మే దాకా. ఆ మూడు నెలల్లో వచ్చిన కాన్పు ఒక్కటి. కిటికీ తయారయ్యాక జూన్ నుంచి ఆగస్టు దాకా ఏడు. ముందు ఒకటి, తర్వాత ఏడు! రెండు నిలువు గీతలతో బొమ్మ గీసి, పక్కన కిటికీ ఫోటో అంటించి పంపాడు. పెద్దసారు సంతోషించాడు. జిల్లాలో ఉన్న అన్ని ఉపకేంద్రాలకూ తూర్పు కిటికీలు పెట్టమని కాగితం కదిలింది.

నర్సమ్మ నవ్వుకుంది. మార్చి, ఏప్రిల్ ఇప్పపూల కాలం. తెల్లారకముందే ఆడవాళ్లంతా గంపలు పట్టుకుని అడవిలో ఉంటారు. నిండు నెలల మనిషి కూడా ఇంటి దగ్గర కూర్చోదు. రాలిన పువ్వు ఎండెక్కేలోపు ఏరుకోవాలి, ఏడాది ఉప్పూ నూనే అందులోంచే రావాలి. అది అయిపోతే మేలో తునికాకు. కుటుంబాలు కుటుంబాలే కల్లాల దగ్గర మకాం పెడతాయి. జూన్‌లో వాన పడ్డాక అందరూ ఊళ్లోకి వస్తారు, దుక్కులు మొదలవుతాయి. అప్పటికి వాగు పొంగుతుంది, చర్ల దారి మూసుకుపోతుంది. నొప్పులొస్తే పోవడానికి ఉపకేంద్రం తప్ప ఇంకో దిక్కుండదు. కిటికీ పెట్టినా ఆ ఏడుగురు వచ్చేవాళ్లే, పెట్టకపోయినా వచ్చేవాళ్లే. ఆమె పాత రిజిస్టరు తిరగేస్తే కిందటి వానాకాలంలోనూ ఆరు కాన్పులున్నాయి. మిగతా నెలలన్నీ ఖాళీ కావడంతో ఆ ఆరూ ఎవరి కంటా పడలేదు.

"మరి సారుకు చెప్పకపోయినవా?" అని అడిగితే, "నన్ను ఎవరడిగిండ్రు?" అంది నర్సమ్మ.

ఇంకోటి కూడా ఉంది. ఆ కిటికీ ఎదురుగా ఇప్పచెట్టు ఒక్కటే లేదు, బోరింగుకు పోయే దారి కూడా ఉంది. బిందెలతో వచ్చేపోయే ప్రతివాళ్లకూ బల్ల మీది మనిషి కనిపిస్తుంది. మొదటి వారంలోనే ఎవరో లోపలి నుంచి పాత చీర కట్టేశారు. జీపు చప్పుడు వినపడినప్పుడల్లా నర్సమ్మ ఆ చీర విప్పి మడిచి బీరువాలో పెట్టేది. ఫోటోలో చీర లేకపోవడానికి కారణం అదీ.

మళ్లీ ఫాల్గుణం వచ్చింది, ఇప్పపూలు రాలాయి. కాన్పుల గది మళ్లీ ఖాళీ. ఈసారి జిల్లా నిండా కిటికీలున్న ఖాళీ గదులు.

మూడోసారి వచ్చింది ఒక అమ్మాయి. లెక్కల శాఖలో చిన్న ఉద్యోగం. భద్రాచలం వైపు మనిషి కాబట్టి అక్కడి దోర్ల గిరిజనుల తెలుగు తేలిగ్గా పట్టుకుంది. ఆమెకు జీపు లేదు, సంత బండి దిగి నడిచొచ్చింది. వచ్చి ఎవరినీ ఏమీ అడగలేదు. గళ్ల కాగితం మీద ఉపకేంద్రం గీసుకుంది. గదులు, వసారా, మెట్లు, చెట్టు, బోరింగు, చెప్పులు విడిచే చోటు. వసారాలో ఒక మూల కూర్చుని, అరగంటకొకసారి తలెత్తి చూసి, ఎవరు ఎక్కడున్నారో గుర్తు పెట్టేది. జబ్బు మనిషికి చుక్క, తోడొచ్చినవాళ్లకు ఇంటూ గుర్తు, నర్సమ్మకు సున్నా.

మొదటి రోజుల కాగితాలు అందంగా వచ్చాయి. అందరూ బల్లల మీద వరసగా కూర్చున్నారు, ఆడవాళ్లు కొంగు సర్దుకున్నారు, నర్సమ్మ కుర్చీలోంచి లేచి తిరుగుతూనే ఉంది. ఈమె ఏదో పట్టీ రాసుకుపోవడానికి వచ్చిందని అనుమానం. అమ్మాయి ఆ కాగితాలు చింపలేదు, పక్కన పెట్టింది. కొన్నాళ్లకు ఆమె ఉందన్న సంగతి అందరూ మర్చిపోయారు. ఒక ముసలమ్మ ఆమె ఒళ్లో మనవణ్ణి వదిలేసి నీళ్లకు పోయింది. అప్పటి నుంచీ వచ్చిన కాగితాలు వేరు. గదుల లోపల దాదాపు ఏమీ లేదు. వసారాలో పడమటి మూల, చెట్టు కింద, ఇంటూ గుర్తుల మీద ఇంటూ గుర్తులు. ఒక్క జబ్బు మనిషికి ముగ్గురు నలుగురు. మూడు రాళ్ల పొయ్యి, దాని మీద జావ. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా స్లాబు కింద ఎవరూ లేరు, నర్సమ్మతో సహా. సున్నాలు మాత్రం బోరింగుకూ గదికీ మధ్య ఒక దారి పడిపోయినంత చిక్కగా ఉన్నాయి. రోజులో ఎక్కువ భాగం ఆమె నీళ్లు మోస్తోందన్నమాట.

ఒక సాయంత్రం ఒక చిన్నది నొప్పులతో వచ్చింది. తొలిచూలు. వెంట అత్త, ఇద్దరు వదినలు, వెనక మంత్రసాని. గుమ్మం దాకా వచ్చారు. బోర్డు చదవడం ఎవరికీ రాదు, కానీ దాని అర్థం అందరికీ తెలుసు. మంత్రసాని గడప ఇవతల ఆగిపోయింది. చిన్నది లోపలికి పోయి, బల్ల చూసి, దాని ఎత్తు చూసి, కిటికీ చీర వైపు చూసి, వెనక్కి తిరిగి ఒంటరిగా ఉన్నానని చూసుకుని బయటికొచ్చేసింది. నర్సమ్మ కేకలేసింది. అప్పటికే ఆ పిల్ల వసారా స్తంభం రెండు చేతులతో పట్టుకుని మోకాళ్ల మీదికి దిగింది. మంత్రసాని వెనక నుంచి నడుం పట్టింది, వదినలు రెండు చీరలు అడ్డం పట్టారు. నర్సమ్మ తిట్టుకుంటూనే గ్లవ్స్ తొడుక్కుని ముందు కూర్చుంది. బిడ్డ వసారాలో పుట్టింది. అమ్మాయి ఆ రాత్రి కాగితం మీద రాసుకున్నవి ఇవి: చేత్తో పట్టుకున్నది స్తంభం. తోడు నలుగురు. మరుగు రెండు చీరలు. వేడినీళ్లు చెట్టు కింది పొయ్యి మీంచి. బల్ల వాడలేదు.

ఇది చూశాక నేనైతే ఆ రాత్రే తీర్పు రాసేసేవాణ్ణి. అమ్మాయి రాయలేదు. ఒక్క కాన్పు చూసి చెబితే తనకూ ఇంజినీరు సారుకూ తేడా ఏమిటనుకుంది. పెద్దసారు దగ్గరికి పోయి, ఒకే నక్షాతో కట్టిన నాలుగు ఉపకేంద్రాలు అడిగింది. నాలుగూ వాగుకు ఒకే వైపు, అడవికి అంతే దగ్గర, జనాభా ఇంచుమించు సమానం. రెండింటిని మార్చి, రెండింటిని ఒక ఏడాది అలాగే ఉంచాలంది. ఏ రెండో తనూ తేల్చలేదు, పెద్దసారునూ తేల్చనివ్వలేదు. బడి పిల్లవాడితో చీటీలు తీయించింది.

మార్పులు పెద్దవేం కావు. వసారా పడమటి మూలకు వెదురు తడికె. నేల మీద కడిగి ఆరేసుకోగల చాప. దూలానికి గట్టి తాడు. ఇద్దరు తోడు రావచ్చన్న మాట, అది బోర్డు మీద కాకుండా నర్సమ్మ నోటితో. చెట్టు పక్కన రేకుల పాక, అందులో మూడు పొయ్యిలు. బోరింగు నుంచి గదికి ఒక పైపు. ఇనుప బల్ల తీసేయమంటే మాత్రం నర్సమ్మ ఒప్పుకోలేదు. "నెత్తురు పోతాంటే నేల మీద నేనేం చెయ్యాలె? నా మోకాళ్లు నువ్వు వంగబెడుతవా?" అంది. ఆ మాట నిజం. బల్ల మూలన సిద్ధంగా ఉండాలని రాసుకున్నారు.

ఇప్పపూల నుంచి ఇప్పపూల దాకా ఏడాది నిండా లెక్క నడిచింది. మార్చిన రెండు చోట్లా కాన్పులు పెరిగాయి, పూల కాలంలో కూడా కొన్ని. మార్చని రెండింటిలో ఒకటి ఎప్పటిలాగే ఉంది. రెండోది మాత్రం చెప్పుకోదగినంత పెరిగింది. ఏమీ మార్చకుండానే! అమ్మాయి అక్కడికి పోయి చూస్తే, పాత నర్సు బదిలీ అయింది, ఆ ఊరి కోడలే కొత్త నర్సుగా వచ్చింది. తడికె, తాడు చేసిన పనిలో కొంత ఒక్క మనిషి చేస్తుందన్నమాట. ఇంకో చేదు సంగతి: అమ్మాయి అన్నిటికన్నా ముచ్చటపడి కట్టించిన వంటపాకలో ఒక్కరూ వండలేదు. పొగ తిరిగి లోపలికే కొడుతోంది. ఒక ఊళ్లో అందులో మేకలు కట్టారు, ఇంకో ఊళ్లో ఇప్పపూలు ఆరబోశారు.

రెండూ రిపోర్టులో రాసింది. పెద్దసారు చదివి, "మిగతాదంతా బాగుందమ్మా. ఈ పాక సంగతి, ఆ నర్సు సంగతి తీసేద్దామా? పైవాళ్లు అవే పట్టుకుంటారు," అన్నాడు.

"తీసేస్తే ఇంకో నలభై పాకలు కడతారు సార్," అంది అమ్మాయి.

పెద్దసారు కాసేపు కాగితం వైపు చూసి సంతకం పెట్టాడు.

*

నీతి: ఆసుపత్రి కట్టడం పనిచేసిందో లేదో కట్టినవాడి నమ్మకమూ చెప్పలేదు, వాడుకునేవాళ్ల మర్యాదా చెప్పలేదు. వాళ్లు అక్కడ ఏం చేస్తున్నారో కుదురుగా చూసి, సాటి చోటుతో పోల్చి, ఏడాది పొడుగునా లెక్కపెట్టి, తేలనిదాన్ని తేలలేదని రాసినప్పుడే ఎంతో కొంత తెలుస్తుంది.

నీతి చెప్పి లేచిపోవచ్చు. కానీ ఇంజినీరు సారు చదివిన పుస్తకం సంగతి మిగిలిపోయింది. అందులో ఉన్నది అబద్ధం కాదు. 1984లో రోజర్ అల్‌రిచ్ అనే పరిశోధకుడు సైన్స్ పత్రికలో అచ్చు వేసిన వ్యాసం అది. ఆధారాలను బట్టి ఆసుపత్రులు కట్టాలనే వాళ్లలో చాలామంది నేటికీ మొదట దాని పేరే ఎత్తుతారు. అమెరికాలో పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రి. పిత్తాశయం తీయించుకున్న రోగులు. కొందరి మంచం పక్క కిటికీలోంచి చెట్లు కనిపిస్తాయి, కొందరికి ఇటుక గోడ. చెట్లు చూసినవాళ్లు సగటున 7.96 రోజుల్లో ఇంటికి పోయారు, గోడ చూసినవాళ్లు 8.70 రోజుల్లో. ఘాటైన నొప్పి మందులు కూడా మొదటివాళ్లు తక్కువ వాడారు.

జనం ఈ అంకెల దగ్గర ఆగిపోతారు. నాకు ముచ్చటగా తోచేది ఆ అంకెలు రాబట్టిన తీరు. 1972 నుంచి 1981 దాకా పాత రికార్డులు తీశాడు. వయసు, ఆడా మగా, పొగ తాగే అలవాటు, ఒళ్లు ఇలాంటివి చూసి, పోలిన ఇద్దరిద్దరిని జత కట్టాడు. అలా 23 జతలు, 46 మంది. రెండు రకాల గదులూ ఒకే ఆసుపత్రివి, చూసుకునే నర్సులూ వాళ్లే. అన్నిటికన్నా ముఖ్యంగా, ఏడాదిలో మే నుంచి అక్టోబరు దాకా చేరినవాళ్లను మాత్రమే తీసుకున్నాడు. చలికాలంలో అక్కడి చెట్లకు ఆకులుండవు, కిటికీలో కొమ్మలే మిగులుతాయి. ఏ నెలలో లెక్కపెడుతున్నామన్నది ఆయనకు పట్టింది. మన ఇంజినీరు సారు పుస్తకంలోంచి కిటికీని తెచ్చుకుని, క్యాలెండరును అక్కడే వదిలేసి వచ్చాడు.

అల్‌రిచ్ లెక్కకూ హద్దులున్నాయి. 46 మంది ఎక్కువేం కాదు. శస్త్రచికిత్స అయి మంచం మీద ఒంటరిగా పడుకున్న అమెరికా మనిషికి చెట్టు ఊరట. అడవిలోంచే నడిచొచ్చి, చుట్టూ నలుగురు మనుషులు కావాలనుకునే దోర్ల చిన్నదానికి చెట్టు కొత్త కాదు, మరుగు కావాలి. ఒక చోట తేలిన ఫలితం ఇంకో చోటికి ప్రశ్నగా పోవాలి, జవాబుగా కాదు.

కిటికీకి వేరే పని కూడా ఉంది, ఆ పనిని ఇంకా గట్టిగా కొలవచ్చు. క్షయ గాలిలో పాకుతుంది. పెరూ రాజధాని లిమాలో ఎస్కోంబ్ అనే పరిశోధకుడి బృందం 8 ఆసుపత్రుల్లో 70 గదులను పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. గది మూసి, బొగ్గుపులుసు వాయువు వదిలి, ఫ్యాన్లతో కలిపి, కిటికీలు తలుపులు తెరిచి, ఆ వాయువు ఎంత త్వరగా పలచబడుతుందో మీటరుతో చూశారు. తెరిచిన గదుల్లో గాలి గంటకు 28 సార్లు మారుతోంది. యంత్రాలతో గాలి ఆడించే గదుల్లో 12 సార్లు. 1950కి ముందు కట్టిన, ఎత్తు కప్పుల, పెద్ద కిటికీల పాత గదుల్లో ఏకంగా 40, కొత్త తరహా గదుల్లో 17. హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రి పాత భవనంలో తల పైకెత్తి కప్పు చూసినవాళ్లకు ఈ అంకె వింతగా ఉండదు. ఉసూర్ వైపు స్లాబు గదుల్లో ఈ మీటరు పెట్టి చూస్తే ఏం తేలుతుందో నాకు కుతూహలం. అలాంటి మీటరు ఇప్పుడు ఒక మామూలు సెల్‌ఫోను ధరకు దొరుకుతుంది.

అమ్మాయి గళ్ల కాగితం కూడా కొత్త విద్యేం కాదు. బ్రిటన్‌లో నఫీల్డ్ ట్రస్టువాళ్లు 1955లో అచ్చేసిన ఆసుపత్రుల అధ్యయనంలో, వార్డులో నర్సులు ఏ పని మీద ఎటు తిరుగుతున్నారో చూసి రాసుకున్నారు. అది చూశాకే నక్షా గీశారు. మన దగ్గర నక్షా ముందు వస్తుంది, నర్సు తర్వాత వస్తుంది, ఆమె కాళ్ల నొప్పుల సంగతి ఎవరి రిజిస్టరులోనూ ఉండదు.

తడికె, తాడు నేను ఊహించినవే అయినా గాల్లోంచి తెచ్చినవి కావు. పెరూలోనే అయకూచో కొండల్లో క్వెచువా ఆడవాళ్లు ఇలాగే ఆరోగ్య కేంద్రాలకు దూరంగా ఉండేవాళ్లు. అక్కడ వాళ్లతోనే కూర్చుని మాట్లాడి, నిలువుగా కాన్పు అయ్యేలా తాడు, పీట ఏర్పాటు చేశారు, ఇంటి మనుషుల్ని, మంత్రసానిని లోపలికి రానిచ్చారు. ఆ ప్రాంతంలో కేంద్రాల్లో జరిగే కాన్పులు 1999లో 6 శాతం, 2007లో 83 శాతం. అంకె చూస్తే కళ్లు చెదురుతాయి. అయినా ముందు, తర్వాత అనే లెక్కకు నేను పూర్తి మార్కులు వేయను. 8 ఏళ్లలో రోడ్లు పడి ఉంటాయి, చదువులు పెరిగి ఉంటాయి. ఘనతంతా తాడుకే ఇస్తే నర్సు కోడలి సంగతి మరిచినట్టు అవుతుంది.

పోల్చి చూడటం అంటే ఏమిటో అన్నిటికన్నా ధైర్యంగా చూపించింది మన మద్రాసు. క్షయ వస్తే శానటోరియంలో చేరాలన్నది ఒకప్పటి నమ్మకం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం 1915లో ఆ నమ్మకం మీదే లేచింది. కొండగాలి, విశ్రాంతి, మంచి తిండి, ఊరికి దూరం. ఎన్నో తెలుగు కుటుంబాలు ఉన్నది అమ్ముకుని మనుషుల్ని అక్కడికి పంపాయి. 1956లో మద్రాసులో మొదలుపెట్టిన పరీక్షలో 193 మంది పేద రోగులను చీటీ తీసినట్టే రెండుగా విడదీశారు. సగం మందికి శానటోరియంలో మందులు, సగం మందికి ఇరుకిళ్లల్లోనే అవే మందులు. ఏడాది తర్వాత జబ్బు అణిగినవాళ్లు శానటోరియంలో 92 శాతం, ఇళ్లల్లో 86 శాతం. ఇళ్లల్లో ఉన్నవాళ్లు తక్కువ తిన్నారు, ఎక్కువ పని చేశారు, అయినా ఫలితంలో తేడా కొద్దిపాటిదే. ఇంట్లోవాళ్లకు అంటుకోవడం కూడా ఎక్కువ కాలేదు. 1959లో ఆ ఫలితాలు వచ్చాక ప్రపంచమంతటా శానటోరియాల అవసరమే తగ్గిపోయింది. కట్టడం గురించిన పరిశోధన, అసలు ఈ కట్టడం కావాలా అన్న ప్రశ్న దాకా పోగలదు. కాంట్రాక్టర్లకు ఇది నచ్చే ప్రశ్న కాదు.

మళ్లీ బీజాపూర్ జిల్లాకు వస్తే, ఆయుష్మాన్ భారత్ కింద దేశంలో మొదటి ఆరోగ్య కేంద్రాన్ని ప్రధాని 2018 ఏప్రిల్ 14న ప్రారంభించింది ఈ జిల్లా జాంగ్లాలోనే. 2024 నుంచి రాష్ట్ర ప్రభుత్వం నియద్ నెల్లానార్ పేరుతో భద్రతా దళాల క్యాంపుల చుట్టూ ఉన్న ఊళ్లకు రోడ్లు, బడులు, వైద్యం తీసుకుపోతోంది. ఏళ్ల తరబడి మావోయిస్టు యుద్ధం నలిపిన పల్లెల్లో కొత్త గోడలు లేస్తున్నాయి. ఉసూర్ బ్లాకులోని పామేడు వైపువాళ్లు చర్లకు, భద్రాచలానికి వైద్యం కోసం నడవడం తగ్గితే అంతకన్నా ఏం కావాలి? కానీ కట్టేవాళ్ల చేతిలో ఉన్నది గిరిజన ప్రాంతంలో 3000 మందికి ఒక ఉపకేంద్రం అన్న కొలత, దాంతోపాటు ఒక నక్షా. విసిరేసినట్టుండే పల్లెల్లో ఆ 3000 మంది ఎన్ని వాగులకు అటూ ఇటూ ఉన్నారో కొలత చెప్పదు.

ఇక్కడ ఒక చిక్కు దాచకూడదు. 3000 మందిలో ఏడాదికి కాన్పులు 60, 70 మించవు. తల్లి చావులు అంత కొద్ది సంఖ్యలో ఎన్నో ఏళ్లకు గానీ లెక్కకు దొరకవు. కాబట్టి ఈ గది ప్రాణాలు కాపాడింది అని ఒక్క ఊరి లెక్కతో ఎవరైనా చెబితే నమ్మకండి. దగ్గరున్నవి కొలవాలి. మే నెల మధ్యాహ్నం స్లాబు కింద ఎంత వేడి, గంటకు గాలి ఎన్నిసార్లు మారింది, నర్సు నీళ్ల కోసం ఎంత నడిచింది, వచ్చినవాళ్లలో ఎందరు రాత్రి ఉండిపోయారు, నొప్పులతో గుమ్మం దాకా వచ్చి ఎందరు తిరిగిపోయారు. ఈ చివరిది ఏ రిజిస్టరులోనూ గడి లేని లెక్క. నాకైతే అన్నిటికన్నా ముందు అదే కావాలి.

మనుషులు చస్తుంటే ప్రయోగాలా, సగం ఊళ్లను ఎండబెడతారా అని ఎవరైనా అడుగుతారు. అడగాల్సిన మాటే. కానీ నిధులు రెండు విడతల్లో వస్తే సగం ఊళ్లు ఎటూ ఒక ఏడాది ఆగుతాయి. ఏ సగం ఆగాలన్నది ఇప్పుడు ఎవరి ఫోను ముందు మోగితే వాళ్లను బట్టి తేలుతోంది. ఆ ఫోను బదులు చీటీ తీసి, ఆగిన ఊళ్లలో కూడా అదే రిజిస్టరు నడిపితే పైసా ఖర్చు పెరగదు. రెండో విడత కట్టేనాటికి మొదటి విడత వంటపాకలో వంట అవుతోందో, మేకలున్నాయో కూడా చేతిలో రాతపూర్వకంగా ఉంటుంది.